ముప్ఫై ఎనిమిదో రోజు ఖాళీకి కారణం

ముప్ఫై ఏళ్ళ సర్వీసులో తిరుమలేశ్ కొన్ని వేలసార్లు తన్నులు తిన్నాడు. ఒక్కసారి కూడా ఎవరినీ కొట్టలేదు. సినిమా ఫైటర్ బతుకంటే అదే. హీరోగారు చెంపకు జానెడు దూరంలో చెయ్యి ఊపుతారు. ఫైటర్ మెడ విరిగినట్టు తిప్పుకుని, బల్ల మీదుగా దొర్లి, అద్దం పగలగొట్టుకుని అవతల పడాలి. పడ్డవాడికి నడుం పట్టేస్తుంది, ఊపినవాడి కటౌట్‌కి పాలాభిషేకం జరుగుతుంది. దీన్ని కృష్ణానగర్‌లో ఎవరూ అన్యాయం అనరు, పని అంటారు.

ఒక షూటింగ్‌లో రోప్ తెగి కుడి మోకాలు పోయాక తిరుమలేశ్‌ని ఎవరూ పనికి పిలవలేదు. నూట నలభై సినిమాలు చేసినా ఒక్క టైటిల్ కార్డులో కూడా పేరు పడని మనిషికి ఇండస్ట్రీ ఇచ్చిన పెన్షన్ ఏమిటంటే, ఫిల్మ్‌నగర్‌లో ఒక నాలుగంతస్తుల బిల్డింగ్‌కు కాపలా ఉద్యోగం. కింద డబ్బింగ్ థియేటర్, మధ్యలో ఎడిటింగ్ రూములు, డాబా మీద అతనికి ఒక గది. భార్య పోయి ఆరేళ్ళయింది, పిల్లలు లేరు. వారానికొకసారి బుజ్జి వచ్చేవాడు. బుజ్జికి పదిహేడేళ్ళప్పుడు దెబ్బ తగలకుండా పడటం ఎలాగో నేర్పింది తిరుమలేశే. ఇప్పుడు వాడికి ముప్ఫై ఒకటి. కంప్యూటర్ గ్రాఫిక్స్ వచ్చి ఫైటర్లకు పని తగ్గాక ఒక పెద్ద హీరో దగ్గర బౌన్సర్‌గా చేరాడు. అయినా ఆదివారం వచ్చిందంటే తల్లి రాజమ్మ వండిన మటన్ కూర డబ్బాలో పెట్టుకుని, “మాస్టర్, తిన్నవా?” అంటూ డాబా ఎక్కేవాడు.

అలాంటి డాబా మీదికి నవంబర్ మొదట్లో హరిణి వచ్చింది. ఆమె ఒక పరిశోధన సంస్థలో శాస్త్రవేత్త. భీమవరం వైపు నుంచి వచ్చి వెంగళరావు నగర్‌లో స్థిరపడిన కుటుంబం. వెంట రెండు పెట్టెలు, ఒక ఇనప పైపు, గాజు గిన్నె బోర్లించినట్టున్న ఒక కెమెరా తెచ్చింది. డాబా మీద రంధ్రాలు చెయ్యడానికి బిల్డింగ్ ఓనరు ఒప్పుకోలేదు. అందుకని పైపుని ఇనప చట్రంలో బిగించి, చట్రం మీద ఇసుక బస్తాలు వేసి నిలబెట్టారు. పైపు చివర కెమెరా, దాని చూపు నేరుగా ఆకాశంలోకి.

“విమానం వెళ్ళాక వెనకాల తెల్ల చార ఉంటుంది చూశారా, తిరుమలేశ్ గారూ?” అని అడిగింది హరిణి.

“పొగ గదా మేడం.”

“పొగ కాదండీ, మంచు. ఇంజన్‌లోంచి వచ్చిన ఆవిరి పైనున్న చలికి గడ్డకడుతుంది. కొన్ని చారలు నిమిషంలో పోతాయి. కొన్ని గంటల తరబడి ఉండి, వెడల్పయి, మబ్బులా పరుచుకుంటాయి. భూమి నుంచి పైకి పోవాల్సిన వేడిని అవి పోనివ్వవు. విమానాలు కాల్చే ఇంధనం వల్ల ఎంత వేడెక్కుతోందో లెక్కుంది. ఈ చారల వల్ల ఎంతో మాత్రం ఎవరూ గట్టిగా చెప్పలేకపోతున్నారు.”

అది తేల్చడానికి ఐదు చోట్ల మనుషులు చేతులు కలిపారు. పుణె వాళ్ళు బెలూన్లు ఎగరేసి పైన తేమ కొలుస్తారు. బెంగళూరు వాళ్ళు ఉపగ్రహం తీసిన బొమ్మలు చూస్తారు. జర్మనీలో ఒక బృందం, ఇంగ్లండ్‌లో ఒక బృందం అన్నీ కలిపి లెక్క కడతాయి. హైదరాబాద్ మీదుగా గల్ఫ్ నుంచి సింగపూర్ వైపు పోయే కొన్ని విమానాలను, నలభై రోజుల్లో చీటీ తీసి ఎంచిన రోజుల్లో, కాస్త పైకో కిందికో మళ్ళిస్తారు. మళ్ళిస్తే చార నిలవడం తగ్గుతుందా లేదా అన్నది కింద నుంచి, ఈ డాబాలాంటి మరికొన్ని కేంద్రాల్లో చూసి చెప్పాలి. ఏ రోజు మళ్ళించారో చూసేవాళ్ళకు మాత్రం చెప్పరు. చెబితే కన్ను తనకు కావలసిందే చూస్తుందట. ఈ మాట తిరుమలేశ్‌కి భలే నచ్చింది. సినిమావాళ్ళకు ఇంత బుద్ధి ఉంటే ఎన్ని సినిమాలు ఆగిపోయేవో అనుకున్నాడు.

అతని పని చిన్నదే. పొద్దున ఆరింటికి గాజుగిన్నె తుడవాలి. పావురాలను తోలాలి. వెలుగున్నంతసేపూ చార కనిపించినప్పుడల్లా ఏ టైముకి పడింది, ఎంతసేపు నిలిచింది, చెయ్యి చాచి చూస్తే ఎన్ని వేళ్ళ వెడల్పయింది అన్నవి రిజిస్టర్‌లో రాయాలి. చూడటం ఆగినా, కెమెరా ఆగినా ‘ఖాళీ’ అన్న గడిలో టైము, పక్కన ‘కారణం’ అన్న గడిలో సంగతి రాసి సంతకం పెట్టాలి. ప్రతి పేజీ పైన అచ్చులో ఉండేది: పరిశీలకుడు, మంథని తిరుమలేశ్, ఫిల్మ్‌నగర్. చివర్లో అచ్చయ్యే పరిశోధన పత్రంలో కూడా పరిశీలకుల పేర్లు ఉంటాయని హరిణి చెప్పిన రోజు, అతను ఆ పేజీని చాలాసేపు చేత్తో తడుముతూ కూర్చున్నాడు.

ఇక మనిషి మారిపోయాడు. టీకి కూడా కిందికి దిగేవాడు కాదు. కింద డబ్బింగ్ చెప్పేవాళ్ళు, “ఏం తిరుమలేశన్నా, సుక్కలు లెక్కపెడుతున్నవా?” అని వెక్కిరిస్తే, “పగటిపూట సుక్కలుంటయారా, సదువుకున్న గాడిదలు” అని తిట్టేవాడు. మిగతా కేంద్రాల్లో ఒకచోట వాన, ఒకచోట కరెంటు కోత వచ్చి రోజులు పోయాయి. ముప్ఫై రోజులు దాటేసరికి ఈ వైపు ఖాళీ లేని రిజిస్టర్ ఒక్క ఫిల్మ్‌నగర్‌దే మిగిలింది. “ఇది నిలబడితేనే మన ఆకాశం లెక్క నిలబడుతుందండీ,” అంది హరిణి ఫోన్‌లో. ముప్ఫై ఏడు రోజులు నిలబడింది.

ముప్ఫై ఏడో రోజు సాయంత్రం ఇండస్ట్రీ కొంప మునిగింది. బుజ్జి పనిచేసే హీరోగారు కొత్త సినిమా కోసం గుండు కొట్టించుకుని, మెడ మీద తేలు పచ్చబొట్టు వేయించుకున్నారు. ఆ లుక్ బయటికి రాకూడదని సెట్లో అందరి ఫోన్లూ గేటు దగ్గరే సంచుల్లో వేసి సీలు వేస్తున్నారు. షూటింగ్ జరుగుతున్నది తిరుమలేశ్ బిల్డింగ్ వెనకున్న జూబ్లీహిల్స్ బంగళాలో. ఇంత కట్టడి చేసినా గుండు ఫొటో ప్రపంచమంతా తిరిగింది. ఎవరి పని, ఎవరి పని అని మేనేజర్ సృజన్ రాత్రంతా గంతులేశాడు. తెల్లవారాక ఎవరో, వెనక బిల్డింగ్ డాబా మీద కెమెరా ఉంది సార్, రోజంతా తీస్తానే ఉంటది అని చెవిలో వేశారు.

ఆ కెమెరాకు ఆకాశం అంచుదాకా కనిపిస్తుంది, నిజమే. అంచున బంగళా డాబా కూడా పడుతుంది, చీమ తలకాయంత. ఆ బొమ్మలో హీరోగారి గుండుకీ నీళ్ళ ట్యాంకు మూతకీ తేడా కనిపెట్టగలిగినవాడు ఇంకా పుట్టలేదు. కానీ సినిమావాళ్ళ లోకంలో కెమెరా అన్నది ఎటు తిరిగినా హీరో కోసమే తిరుగుతుంది. ఆకాశాన్ని ఎవడైనా ఊరికే చూస్తాడంటే వాళ్ళు నమ్మరు.

ఆ పొద్దున పదిన్నరకే డాబా మెట్ల దగ్గర ఇనప జాలీ తలుపు చప్పుడయింది. తిరుమలేశ్ తొంగి చూస్తే బుజ్జి. తాళం తీశాడు. బుజ్జి వెనకాల సృజన్, అతని వెనకాల నల్ల టీషర్టుల్లో ముగ్గురు బౌన్సర్లు పైకి వచ్చేశారు. బుజ్జి మొహం కిందికి దించుకునే ఉన్నాడు. వాణ్ణి చూపిస్తే ముసలాడు తలుపు తీస్తాడని తెలిసే ముందు నడిపించారని తిరుమలేశ్‌కి అప్పుడు అర్థమయింది.

“ఏంటిది?” అన్నాడు సృజన్ కెమెరా వైపు చెయ్యి చూపించి.

“ఆకాశం జూసే కెమెర సార్. విమానాల చారలు లెక్కగడుతున్నరు. సైన్సోళ్ళది.”

“చారలా? నా మొహం చూస్తే ఎర్రిపప్పలా కనిపిస్తున్నానా నీకు? మా సార్ లుక్ కోసం ఆర్నెల్లు చచ్చాం. డిస్క్ ఎక్కడుందో తియ్.”

“సార్, మీ కాల్లు మొక్కుత. మేడంకు ఫోన్ జేస్త, మీరే మాట్లాడుండ్రి. ఇగ రెండు దినాలే ఉన్నది. ఎల్లుండి మొత్తం ఊడబీకి మీ చేతుల పెడత. గీ రెండు దినాలు జర ఆగుండ్రి.”

“బుజ్జీ, పీకి అవతల పారెయ్ దాన్ని. అడ్డొస్తే వీణ్ణి కూడా.”

తిరుమలేశ్ కెమెరా ముందుకు వచ్చి నిలబడ్డాడు. బుజ్జి దగ్గరికి వచ్చి అతని చొక్కా కాలర్ పట్టుకున్నాడు. గట్టిగా ఊపుతూ, పెదవులు కదపకుండా, సెట్లో మాట్లాడుకున్నట్టే మాట్లాడాడు.

“మాస్టర్, ఫేక్ జేద్దాం. నాలుగు గుద్దుత, నువ్వు మంచిగ పడు. ఆయన ఖుష్ అయితడు. పాత డిస్క్ ఏదన్న ఉంటే ఇచ్చి తోలేద్దాం. కెమెరకేం గాదు, నా జిమ్మ.”

తిరుమలేశ్ కనురెప్ప వాల్చాడు. అంటే సరే అని.

మొదటి గుద్దు చెవి పక్కనుంచి పోయింది. బుజ్జి రెండో చేత్తో తన రొమ్ము మీద తనే చరుచుకున్నాడు, చప్పుడు కోసం. తిరుమలేశ్ తల తిప్పి వెనక్కి తూలాడు. రెండోది పొట్ట దగ్గర ఆగింది, అతను రెండుగా వంగిపోయి నీళ్ళ ట్యాంకుకు కొట్టుకుని కూలబడ్డాడు. ఎంత బాగా పడ్డాడంటే సృజన్ ఒక అడుగు వెనక్కి వేశాడు. బుజ్జి జుట్టు పట్టి లేపి మూడోది విసిరాడు. తిరుమలేశ్ గిర్రున తిరిగి కెమెరా చట్రం పక్కన బోర్లా పడ్డాడు. అయిపోయింది, ఇక దిగిపోతారు అనుకున్నాడు.

ఆ ముగ్గురిలో ఒకడు సినిమా ఫైటర్ కాదు. జిమ్‌లోంచి నేరుగా వచ్చినవాడు. కొట్టడం అంటే కొట్టడమే అనుకునే రకం. మేనేజర్ చూస్తుండగా బుజ్జి ఒక్కడే మార్కులు కొట్టేస్తున్నాడని వాడికి బాధ కలిగింది కాబోలు, డాబా మూలన పడున్న సెంట్రింగ్ రాడ్ అందుకుని పరుగున వచ్చి, పడుకున్న మనిషి కుడి మోకాలి మీద బలమంతా పెట్టి వేశాడు.

ఎముక విరిగిన చప్పుడు డాబా మీద అందరికీ వినిపించింది. వాడు రెండోసారి కూడా వేశాడు. మోకాలి చిప్ప పక్కకి జరిగి, లుంగీ రక్తంతో కాలికి అతుక్కుంది. “ఆపురా! దిమాఖ్ ఖరాబయిందా?” అని బుజ్జి వాణ్ణి తోసేసి, మాస్టర్‌ని లేపడానికి రెండు చేతులూ చాపి వంగాడు.

తిరుమలేశ్ చేతికి పైపు దొరికింది. పట్టుకుని లేవబోతే ఇసుక బస్తాలు జారి, చట్రంలోంచి పైపు ఊడి చేతిలోకి వచ్చేసింది, చివర కెమెరాతో సహా. అప్పుడతను ఒంటికాలి మీద లేచి, పైపుని రెండు చేతులతో పట్టి తిప్పాడు. జానెడు దూరం వదలలేదు. గాజుగిన్నె వెళ్ళి బుజ్జి మొహానికి ఎడమవైపు తగిలి పగిలింది.

బుజ్జి చేతులు చాపినవి చాపినట్టే ఉన్నాయి. చెంప చీరుకుపోయి పళ్ళు కనిపించాయి. కంట్లో వేలెడంత గాజుముక్క దిగి నిలబడి ఉంది. వాడు దాన్ని తీసుకోబోయి, తీసుకోలేక, “మాస్టర్” అన్నాడు. తిరుమలేశ్ మళ్ళీ కొట్టాడు. ఈసారి ఉత్త పైపు, భుజం మీద. బుజ్జి మోకాళ్ళ మీద పడ్డాడు. మూడో దెబ్బ రాడ్ పట్టుకున్నవాడి మణికట్టు మీద పడి రెండు ఎముకలూ విరిచింది. నాలుగోది ఎవరికీ తగలక ట్యాంకుకు తగిలింది, నీళ్ళు ధారగా కారాయి. మిగతా ఇద్దరు బౌన్సర్లు మెట్ల మీద ఒకరి మీద ఒకరు పడుతూ దిగారు. సృజన్ ట్యాంకు వెనక చతికిలబడి చేతులు తల మీద పెట్టుకున్నాడు. ఐదో దెబ్బకు ఎత్తిన పైపుతోనే తిరుమలేశ్ వెల్లకిలా పడిపోయాడు. పైన ఆకాశంలో ఒక చార పడుతూ ఉంది. దాన్ని రాసుకునే దిక్కు లేదు. టైము పది నలభై.

ఫిల్మ్‌నగర్‌లో దెబ్బ తగిలినవాళ్ళెవరూ దెబ్బ తగిలిందని చెప్పరు. రోప్ తెగినా, మంటల్లో కాలినా, గుర్రం తొక్కినా, ఆసుపత్రి కాగితం మీద బాత్రూంలో జారిపడ్డాడనే ఉంటుంది. పోలీసు కేసు ఉండదు, షూటింగ్ ఆగదు, వైద్యం ప్రొడక్షన్ చేయిస్తుంది, కోలుకున్నాక మళ్ళీ పిలుస్తారు. చెప్పినవాణ్ణి మాత్రం మళ్ళీ పిలవరు. తిరుమలేశ్ కూడా మూడుసార్లు బాత్రూంలో జారిపడ్డవాడే. ఆ రోజు సృజన్ ఆసుపత్రిలో చెప్పిందీ అదే. ఒకే బాత్రూంలో ముగ్గురు జారిపడ్డారు. ఒకడికి మోకాలు, ఒకడికి మణికట్టు, ఒకడికి కన్ను. రాసుకున్న డాక్టరు కలం ఒక్క క్షణం కూడా ఆగలేదు. బుజ్జిని అడిగితే కట్లమధ్య నుంచి, “అవును సార్, సబ్బు మీద కాలేసిన” అన్నాడు.

బుజ్జి ఎడమ కన్ను పోయింది. సాయంత్రానికి తీసేశారు.

మూడో రోజు హరిణి తిరుమలేశ్ మంచం దగ్గరికి వచ్చింది. ముందు చాలాసేపు ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని పని మాట చెప్పింది. గదిలో మంచం కింద ఉన్న డిస్క్ క్షేమం. పది నలభై దాకా బొమ్మలున్నాయి. రిజిస్టర్ క్షేమం. ఇక మిగిలింది ఖాళీకి కారణం రాయడమే.

“మా డైరెక్టర్ వెంకటరామయ్య గారు యంత్రం చెడిపోయిందని రాయమంటున్నారండీ. సినిమావాళ్ళతో, పోలీసులతో సంస్థకెందుకు గొడవ అని.”

“రాయుండ్రి మేడం. గందుల ఏమున్నది?”

“ఉంది.” ఆమె రిజిస్టర్ ఒళ్ళో పెట్టుకుంది. “యంత్రం చెడిపోయిందంటే, ఎప్పట్నుంచి చెడిపోతోంది అని పుణె వాళ్ళు అడుగుతారు. లోపం ఒక్కరోజులో రాదు కదా. నేను వచ్చి పరీక్షించింది నాలుగో రోజున. ఆ తర్వాత తీసిన బొమ్మలేవీ నమ్మలేం అని మొత్తం తీసేస్తారు. కెమెరాతో సరిచూడలేని మీ రాతలు కూడా తీసేస్తారు. అది వాళ్ళ తప్పు కాదండీ. మనం వాళ్ళయినా అదే చేస్తాం. బాగున్న కెమెరాని ఫలానా టైముకి మనిషి పగలగొట్టాడని ఉంటే మాత్రం, అంతవరకు ఉన్నదంతా చెల్లుతుంది. కానీ ఎవరు, ఎలా అన్నది కూడా రాయాలి.”

తిరుమలేశ్ చెయ్యి చాచి రిజిస్టర్ అందుకున్నాడు.

“బలవంతం లేదు. యంత్రమే చెడిపోయిందంటే మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. కేసుండదు. ముప్ఫై నాలుగు రోజులు పోతాయి, అంతే. నేనైతే మీకే వదిలేస్తున్నాను. రిజిస్టర్ మీది, సంతకం మీది.”

ఆ సాయంత్రమే హీరోగారి గుండు పోస్టర్ అధికారికంగా విడుదలయింది. ముందు వచ్చిన లీకు కూడా సృజన్ టీమే చేసిందనీ, హైప్ కోసం చేసిందనీ వార్డ్‌బాయ్ దాకా అందరికీ తెలిసిపోయింది. లీకు చేసినవాళ్ళూ, లీకెవరు చేశారని డాబాలు ఎక్కినవాళ్ళూ ఒకే వాట్సాప్ గ్రూపులో ఉన్నారు. సృజన్‌కు ఆ సంగతి ముందే తెలుసో తెలీదో, ఇప్పుడు తెలిసినా చేసేదేం లేదు. తిరుమలేశ్‌కు ఒళ్ళు మండిపోయింది. ఎంత మండిందంటే, ఆ మంటలో రాసేద్దామని కలం తీశాడు.

‘గుర్తు తెలియని మనుషులు వచ్చి కెమెర పగలగొట్టిన్రు’ అని మొదలుపెట్టాడు. బాగానే ఉంది. రోజులు నిలుస్తాయి, తప్పు వచ్చినవాళ్ళ మీదికి పోతుంది, బుజ్జి చెప్పిన సబ్బు కథ కూడా ఎవరూ కదిలించరు. నిజానికి సృజనే కదా అంతటికీ మూలం అనుకున్నాడు. సంతకం పెట్టబోయి ఆగిపోయాడు. మూడు వందల పైచిలుకు చారలు రాశాడు ఆ రిజిస్టర్‌లో. ఒక్కొక్కటీ కంటితో చూసి, వేళ్ళతో కొలిచి రాసినవే. ఒక వేలు వెడల్పున్నదాన్ని రెండు వేళ్ళని ఎప్పుడూ రాయలేదు. వాటి కింద ఈ మాట రాస్తే వాటిలో ఏది నిజమో తనకే అనుమానం వస్తుందనిపించింది. వాక్యం మీద గీత కొట్టి, పక్కన మళ్ళీ రాశాడు.

‘పొద్దుగాల పది నలభై. కెమెర పగలగొట్టింది నేను. దాని పైపు ఊడబీకి బుజ్జి అనే మనిషిని మొఖం మీద కొట్టిన. గాజు ఆయన కంట్ల పోయింది, కన్ను పోయింది. ఇంకొకని చెయ్యి గూడ ఇరగ్గొట్టిన. ఆరింటికి గాజు తుడిచిన, అప్పటిదాక కెమెర మంచిగనే ఉండె. బుజ్జి నన్ను కొట్టలేదు.’

హరిణి అది చదివి కళ్ళజోడు తీసేసింది. “చివరి వాక్యం ఈ గడికి అక్కర్లేదండీ. అది లేకపోతే ఆత్మరక్షణ అనుకుంటారు. మీకే మంచిది.”

“ఉండనియ్యిండి మేడం.”

ఆమె అన్నీ ఇంగ్లీషులోకి మార్చి ఐదు చోట్లకూ పంపింది. వెంకటరామయ్య ఫోన్‌లో ఆమె మీద అరిచిన అరుపులు తిరుమలేశ్‌కు కూడా వినిపించాయి. పుణె నుంచి ఒక్క ప్రశ్న వచ్చింది, గాజు తుడిచిన టైము ఖచ్చితమేనా అని. ఖచ్చితమేనని జవాబు పోయింది. మర్నాటికి ఫిల్మ్‌నగర్ రిజిస్టర్ ముప్ఫై ఏడు రోజుల నాలుగు గంటల నలభై నిమిషాలు చెల్లుతుందని కబురొచ్చింది. సంస్థ తరఫున పోలీసులకు కూడా ఒక కాపీ పోవాల్సిందేనని, ఆపడం తన చేతిలో లేదని హరిణి తల దించుకుని చెప్పింది.

పోలీసులు రాకముందే తిరుమలేశ్ చక్రాల కుర్చీ తోయించుకుని పై అంతస్తుకు వెళ్ళాడు. బుజ్జి మంచం మీద గోడ వైపు తిరిగి ఉన్నాడు. పక్కనే రాజమ్మ. జిమ్ వాడు రాడ్ తిప్పుతుంటే గురి తప్పి కొడుక్కి తగిలిందనే ఆమెకు తెలుసు, బుజ్జి ఆమెకు అలాగే చెప్పాడు. తిరుమలేశ్‌ని చూడగానే, “రా తమ్మీ, నీ కాలెట్లున్నది?” అంటూ ఫ్లాస్కులోంచి చాయ్ పోసి ఇచ్చింది.

చాయ్ తాగకుండానే అతను రాసిన సంగతంతా చెప్పాడు. తల్లి ముందే చెప్పాడు.

బుజ్జి ఇటు తిరిగాడు. మొహం సగం కట్టు, సగం వాపు. “సబ్బు మీద కాలేసిన అని చెప్పిన గద నేను. నీ కోసమే చెప్పిన మాస్టర్.”

“ఎరుకే.”

“మరెందుకు రాసినవ్?”

“రాయకపోతే దినాలన్ని పోతుండె.”

ఉన్న ఒక్క కన్నుతో బుజ్జి అతన్ని చూశాడు. “ఒక్కటి అడుగుత. రాడ్ తోని కొట్టినోడు నీ ఎడమ దిక్కు ఉండె. నేను కుడి దిక్కున్న. నువ్వు జూసినవా లేదా?”

“జూసిన.”

“నేను నిన్ను లేపనీకి వంగిన అని ఎరుకేనా?”

“ఎరుకే బుజ్జీ.”

“మరి నన్నెందుకు కొట్టినవ్?”

తిరుమలేశ్‌కు అబద్ధం ఒకటి నాలుక దాకా వచ్చింది, నొప్పిలో కళ్ళు చీకట్లు కమ్మాయని. అది కూడా మింగేశాడు. “నువ్వు దగ్గరుంటివి. కొట్టాల్నని ఉండె. ముప్ఫై ఏండ్ల సంది ఉండె. చేతికి దొరికింది నువ్వే. రెండోసారి గూడ నువ్వే అని ఎరుకయ్యే కొట్టిన.”

రాజమ్మ అతని చేతిలోని చాయ్ గ్లాసు తీసుకుని కిటికీ గట్టు మీద పెట్టింది. వంగి కాలి చెప్పు తీసింది. మొదటి దెబ్బ చెంప మీద, రెండోది నోటి మీద పడ్డాయి. పెదవి పగిలి రక్తం గడ్డం మీదికి కారింది. ఏడుస్తూ, తిడుతూ, అన్నం పెట్టిన చేతినే విరిచావు కదరా అంటూ, తల మీద, భుజాల మీద, దొరికిన చోటల్లా కొట్టింది. చప్పుడు విని నర్సు పరుగెత్తుకొచ్చి ఆమె చెయ్యి పట్టుకోబోతే, “వదిలెయ్ సిస్టర్, కొట్టనియ్” అన్నాడు బుజ్జి.

తిరుమలేశ్ కూడా అదే అన్నాడు.